జెఫర్సన్ నీడ గడియారం ఎక్కడ? వర్జీనియా వేలందారులకు, అక్కడి తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ

వర్జీనియా రాష్ట్రంలో ఎస్టేట్ సేల్స్ (ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మే అమ్మకాలు) నడిపేవారికి, వేలందారులకు, పాతసామాను దుకాణాలవారికి, కౌంటీ చరిత్ర సంఘాలవారికి, అక్కడ ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డ తెలుగువారికి...

నమస్కారం.

థామస్ జెఫర్సన్‌ని లోకం అమెరికా మూడో అధ్యక్షుడిగా గుర్తుపెట్టుకుంది. ఆయన మాత్రం తన సమాధి రాతి మీద ఆ సంగతి రాయవద్దన్నాడు. స్వాతంత్ర్య ప్రకటన రాసినవాడు, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం రాసినవాడు, వర్జీనియా విశ్వవిద్యాలయానికి తండ్రి. ఈ మూడు తప్ప ఒక్క మాట కూడా ఎక్కువ వద్దని రాసిపెట్టి పోయాడు. తనను రచయితగా తలచుకోమని కోరిన మనిషి, మాంటిసెల్లోలో తన ఇంటి దగ్గర ఒక గోళాకారపు నీడ గడియారాన్ని స్వయంగా రూపొందించి నిలబెట్టుకున్నాడు. ఆ అసలు గడియారం ఇప్పుడు లేదు. మాంటిసెల్లోకి వెళ్లినవారు చూసేది తర్వాతి కాలంలో చేసిన నమూనా.

నమూనా చేయగలిగారంటే కారణం ఒక ఉత్తరం. 1816 ఆగస్టు 27న వాస్తుశిల్పి బెంజమిన్ లాట్రోబ్‌కు రాసిన ఆ ఉత్తరంలో జెఫర్సన్ ఈ గడియారాన్ని వర్ణించాడు. గోళం వ్యాసం పదిన్నర అంగుళాలు. దాని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరం. ధ్రువాల దగ్గర తిరిగేలా ఇనుపరేకు అర్ధవలయం ఒకటి. అడుగున పీఠంగా లాట్రోబే 1809లో పంపిన స్తంభశీర్షం. ఆకులూ పువ్వులూ కాక మొక్కజొన్న కండెలు చెక్కిన శీర్షం అది. వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు భవనం కోసం లాట్రోబ్ గీసిన నమూనా. ఆ భవనంలోని మొక్కజొన్న స్తంభాలు 1814లో బ్రిటిష్ సైన్యం పెట్టిన మంటలను తట్టుకుని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. కాబట్టి పీఠం ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే వాషింగ్టన్ వెళ్లినా చాలు.

1826 జులై 4న జెఫర్సన్ చనిపోయేనాటికి అప్పు లక్షా ఏడు వేల డాలర్లు దాటింది. 1827 జనవరి 15న మాంటిసెల్లోలో వేలం మొదలైంది. సామాను చుట్టుపక్కల ఇళ్లకు చెదిరిపోయింది. 1831లో ఇల్లు జేమ్స్ బార్‌క్లే చేతికి, 1834లో యురయా లెవీ చేతికి పోయింది. అంతర్యుద్ధ కాలంలో, ఆ తర్వాత కొన్నేళ్లు పట్టించుకునే దిక్కు లేక పాడుపడింది. 1923లో గానీ ఒక ఫౌండేషన్ దాన్ని కొని కాపాడలేదు. ఆ ఫౌండేషన్ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదని ఇక్కడే చెప్పేస్తున్నాం.

మా ఫిర్యాదు వేరు. పాత ఇళ్లు ఖాళీ చేసి తోటసామాను అమ్మేవారికి, గుర్తుపట్టే కొలతలతో ఈ విన్నపం ఇంగ్లీషులో పంపాం. జవాబు రాలేదు. ఈలోగా 'తోట అలంకరణ, పాతది' అని మూడు ముక్కలు రాసి, కొలత లేకుండా, ఫోటో ఒక్కటి పెట్టి అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. అందుకే ఇప్పుడు తెలుగులో రాస్తున్నాం. వర్జీనియాలో తెలుగువారు తక్కువేం లేరు. వారాంతాల్లో ఎస్టేట్ సేల్స్‌కి వెళ్లేవారున్నారు, పాత ఇళ్లు కొన్నవారున్నారు. అమ్మేవాడు కొలవకపోతే కొనేవాడు టేపు పట్టుకుని అడగాలి.

ఇది ధనవంతుల సరదా కదా, మామూలు మనిషికేం నష్టం అని అడగవచ్చు. నష్టం ఉంది.

1. వారసుల నష్టం. తాతల ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెద్ద సామానుకే లెక్క ఉంటుంది. పెరట్లో పడున్న గుండ్రటి బంతి, తుప్పు రేకు, బొడిపె రాయి చెత్తబండిలోకి పోతాయి. గడియారం మూడు ముక్కలుగా విడిపోయాక ఏ ముక్కా తనంతట తాను గడియారమని చెప్పుకోలేదు.

2. కొనుగోలుదారుల నష్టం. పాత నీడ గడియారాల పేరుతో తిరిగే ఇత్తడి సామానులో కొత్త పోతపనే ఎక్కువ. జేబులో పట్టే ఇత్తడి దిక్సూచి-నీడ గడియారాలు లండన్ తయారీదారుల పేర్లు చెక్కించుకుని మన దేశంలోని రూర్కీ నుంచే వెళ్తుంటాయి. నమూనా అని చెప్పి అమ్మితే తప్పు లేదు. రెండు చేతులు మారాక ఆ 'నమూనా' అనే మాట జారిపోతుంది. అప్పుడు మోసపోయేది నెల జీతం నుంచి డబ్బు తీసి పెట్టినవాడే.

3. దీన్ని అన్నిటికంటే బరువైన నష్టంగా మేం చూస్తున్నాం. 1827 వేలం ప్రకటనలో సామాను కంటే ముందు రాసింది 130 మంది బానిసల సంగతి. మనుషులు, పశువులు, పంట, ఇంటిసామాను అన్నీ ఒకే కాగితం మీద. ఏ వస్తువు ఏ పొరుగింటికి వెళ్లిందో చెప్పే రసీదే, ఏ తల్లి ఏ పొలానికి వెళ్లిందో, ఏ బిడ్డ ఎవరి పాలబడిందో కూడా చెప్పవచ్చు. మాంటిసెల్లోలో బానిసలుగా బతికినవారి వారసుల జ్ఞాపకాలను 1993 నుంచి సేకరిస్తున్నారు. వాళ్లకు పాత లెక్కల పుస్తకం అంటే వంశవృక్షం. మాంటిసెల్లో వడ్రంగ శాలను నడిపిన జాన్ హెమింగ్స్ కూడా బానిసే. ఆ చేతుల పనితనాన్ని యజమాని పేరుతో మాత్రమే గుర్తుపెట్టుకోవడం సగం చరిత్ర. పాత పెట్టెలోని రసీదుల కట్టను 'కాగితాలు, చిత్తు' అని పారేసేవారు ఇది గమనించాలి.

జాబితా ఉంటే ఏమవుతుందో జెఫర్సన్ పుస్తకాలే చూపిస్తాయి. 1815లో ఆయన తన 6,487 సంపుటాలను 23,950 డాలర్లకు దేశానికి అమ్మాడు. 1851 డిసెంబరు 24న జరిగిన అగ్నిప్రమాదంలో వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు కాలిపోయాయి. కానీ జాబితా మిగిలింది. దాన్ని పట్టుకుని అవే ముద్రణల ప్రతులను వెతికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ అలమరలను తిరిగి నింపుతూ వచ్చింది. కాలిపోయిన పుస్తకానికి దక్కిన ఈ మర్యాద, కాలిపోకుండా ఎక్కడో పడున్న వస్తువుకు దక్కకపోవడం ఏం న్యాయం?

ఇక గుర్తుపట్టడం ఎలాగో చెబుతాం. కావలసినవి కుట్టుపని టేపు, కోణమానిని, రసమట్టం, పక్కనుంచి వెలుతురు వేయడానికి ఒక టార్చిలైటు. ఫోనులో ఫోటోలు తీసేదాకా గుడ్డ కూడా తగిలించకండి.

అ. చుట్టుకొలత. పదిన్నర అంగుళాల గోళానికి చుట్టుకొలత 33 అంగుళాలు, అంటే 83.8 సెంటీమీటర్లు. గోళం చెక్కదైతే ఒక చిక్కుంది. చెక్క నార వెంట పొడవు దాదాపు మారదు, నారకు అడ్డంగా మాత్రం కుంచించుకుపోతుంది. రెండొందల ఏళ్ల బంతి ఏ దిక్కున కొలిచినా ఒకే చుట్టు వస్తే అది కొత్తది కావచ్చు. మూడు దిక్కుల్లో కొలిచి మూడూ రాసుకోండి. ధ్రువం నుంచి ధ్రువానికి ఉపరితలం మీద 41.9 సెంటీమీటర్లకు దగ్గరగా రావాలి. నారకు అడ్డంగా ఉన్న చుట్టు కొంచెం తక్కువ రావచ్చు.

ఆ. ధ్రువాలు. ఇనుపరేకు అర్ధవలయం తిరగడానికి ఎదురెదురుగా రెండు మేకు రంధ్రాలుండాలి. వాటి చుట్టూ తుప్పు మరక ఉండాలి. అయితే జాగ్రత్త! తరిమెన (చెక్కను గిర్రున తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం) పట్టిన ప్రతి బంతికీ ఎదురెదురుగా రెండు బిందువులు ఉంటాయి, తరిమెన మొనలు గుచ్చిన గుర్తులవి. గేటు స్తంభాల మీది బంతులకూ, మెట్ల కటకటాల చివరి బంతులకూ ఇవి కనిపిస్తాయి. తేడా తేల్చేది కింది కొలత.

ఇ. దన్ను గుంట. గేటు మీది బంతికి దన్ను బిగించే గుంట ఆ రెండు బిందువుల్లో ఒకదాని దగ్గరే ఉంటుంది. నీడ గడియారపు గోళానికి అలా ఉండదు. మాంటిసెల్లో అక్షాంశం 38 డిగ్రీలు. కాబట్టి ఇరుసు ఉత్తరం వైపు 38 డిగ్రీలు పైకి లేచి ఉండాలి. నిలువు నుంచి లెక్కిస్తే 52 డిగ్రీలు. పీఠం మీద నిలబెట్టిన గుంట నేరుగా అడుగున ఉంటే, అక్కడి నుంచి దగ్గరి ధ్రువానికి బంతి వంపు మీద టేపు పరిచి కొలవండి. 12.1 సెంటీమీటర్లు రావాలి. రెండో ధ్రువానికి 29.8. గోళానికి ఒక డిగ్రీ అంటే 2.33 మిల్లీమీటర్లు కాబట్టి అర సెంటీమీటరు తేడా వస్తే రెండు డిగ్రీలు తప్పినట్టు. అలంకారానికి చేసినవాడెవడూ ఈ కొలతకు గుంట తవ్వడు. మేం ఒక్కటే కొలత అడగాల్సి వస్తే దీన్నే అడుగుతాం.

ఈ. గంట గుర్తులు. గోళం మీద నడిమి గీత, అంటే విషువద్వృత్తం, వెంట గంటలు సమాన దూరంలో ఉంటాయి. గంటకు 3.49 సెంటీమీటర్లు, అయిదు నిమిషాలకు 2.9 మిల్లీమీటర్లు. రంగు ఊడిపోయినా గీరిన గీత మిగులుతుంది. చీకటి గదిలో టార్చిని బంతికి పక్కగా, దాదాపు ఆనించి పట్టండి. ఎదురుగా వెలుతురు వేస్తే కనపడని గాడి, పక్క వెలుతురులో నీడతో తేలుతుంది.

ఉ. రేకు. ఇది ఒంటరిగా దొరికితే అర్ధచంద్రాకారపు తుప్పు పట్టీలా ఉంటుంది. రెండు చివర్లా రంధ్రాలు, వాటి మధ్య దూరం పదిన్నర అంగుళాలకు కాస్త ఎక్కువ. పని తీరు తెలిస్తే ఆకారం అర్థమవుతుంది. ఎండలో ఆ రేకును తిప్పుతూ పోతే నీడ వెడల్పు తగ్గుతూ వచ్చి, రేకు అంచు సూర్యుడికి సూటిగా నిలిచినప్పుడు సన్నటి గీతవుతుంది. ఆ గీత నడిమి గీతను కోసిన చోట గంట చదవాలి. కాబట్టి రేకు పలుచగా, చదునుగా ఉండి తీరాలి. కడ్డీలా గుండ్రంగా ఉంటే అది ఇంకేదో.

గోళం ఒక్కటే కాదు, మరో జాడ కూడా ఉంది. 1811 ఆగస్టు 23న పోప్లర్ ఫారెస్ట్ అనే తన మరో ఇంటి నుంచి జెఫర్సన్ చార్లెస్ క్లే అనే పొరుగు మిత్రుడికి ఉత్తరం రాశాడు. కీళ్లవాతంతో ఇంట్లో కూర్చుని, ఆ ఊరి అక్షాంశం 37 డిగ్రీల 22 నిమిషాల 26 సెకన్లకు, నేలకు సమాంతరంగా పరిచే సమతల గడియారపు గీతలను ప్రతి అయిదు నిమిషాలకూ లెక్కగట్టానని, ఆ పట్టికతో అడుగు నుంచి రెండడుగుల చదరపు పలక చేసుకోవచ్చని అందులో ఉంది. కాలం కొలవడానికి సామాన్యుడికి ఇంతకంటే చవకైనదీ కచ్చితమైనదీ లేదని ఆయన అభిప్రాయం. (మాకూ అదే అభిప్రాయం. బ్యాటరీ మార్చే పని లేదు కదా.) అందువల్ల ఆ ప్రాంతంలో అడుగు దాటిన చదరపు పాత పలక ఏది దొరికినా కోణాలు కొలవాలి.

ఆ అక్షాంశానికి మధ్యాహ్నపు గీత నుంచి గంట గీతల కోణాలు ఇలా రావాలి: ఒంటిగంటకు 9 డిగ్రీల 14 నిమిషాలు, రెండుకు 19 డిగ్రీల 19 నిమిషాలు, మూడుకు 31 డిగ్రీల 16 నిమిషాలు, నాలుగుకు 46 డిగ్రీల 26 నిమిషాలు, అయిదుకు 66 డిగ్రీల 11 నిమిషాలు. లండన్ కోసం చేసిన పలకలో మూడు గంటల గీత 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాదాపు ఏడు డిగ్రీల తేడా, పిల్లల కోణమానినితోనే దొరికిపోతుంది. నీడ వేసే శంకువు అంచు ఎంత కోణంలో లేచి ఉందో చూసినా అంతే. 37 దగ్గర ఉంటే వర్జీనియా, 51 దగ్గర ఉంటే ఇంగ్లండు. గీతలన్నీ 15 డిగ్రీల చొప్పున సమానంగా ఉన్న సమతల పలక గడియారమే కాదు, గోడకు తగిలించుకునే బొమ్మ. శంకువు మందంగా ఉండి మధ్యాహ్నానికి ఒకే గీత ఉన్నా అనుమానించండి. తెలిసినవాడు ఆ మందమంత ఎడంతో రెండు గీతలు గీస్తాడు. నక్షత్రపు గాడి ఉన్న స్క్రూ కనిపిస్తే ఆ బిగింపు 1930లకు ముందుది కాదు.

'టైము తప్పు చూపిస్తోంది' అని పారేసిన గడియారాలకు లెక్కే లేదు. తప్పు గడియారంది కాదు. మాంటిసెల్లో, అక్కడి ప్రామాణిక సమయానికి ఆధారమైన 75వ రేఖాంశానికి పడమరగా మూడున్నర డిగ్రీల దూరంలో ఉంది, దానికే దాదాపు 14 నిమిషాలు. ఫిబ్రవరి నడుమ సూర్యుడి నడకలో తేడా మరో 14. మొత్తం 28 నిమిషాలు వెనక. వేసవి సమయం పెడితే ఇంకో గంట. ప్రామాణిక సమయమే అమెరికా రైళ్లకు 1883లో వచ్చింది. అంతకు ముందు ఊరి ఎండే ఊరి సమయం. మన అన్నవరం కొండ మీది నీడ గడియారానికి ఈ రేఖాంశపు బాధ లేదు. అది భారత ప్రామాణిక రేఖాంశానికి ఎంత దగ్గరంటే, ఆ సవరణ అర నిమిషం కూడా ఉండదు. అక్కడ చేతిగడియారంతో సరిచూసుకుని మురిసిపోయినవారు వర్జీనియా గడియారాన్ని అదే కంటితో చూసి పనికిరాదనుకోకూడదు.

ఇప్పుడు మా డిమాండ్లు.

1. నీడ గడియారం, దాని ముక్క, లేదా 10 నుంచి 11 అంగుళాల వ్యాసమున్న పాత బంతి ఏది అమ్మకానికి వచ్చినా అమ్మకపు వివరంలో మూడు కొలతలు వేయాలి: చుట్టుకొలత లేదా పలక పరిమాణం, శంకువు లేదా ఇరుసు కోణం, ఒక గంట గీత కోణం. ఇది పది నిమిషాల పని.

2. అమ్మకానికి ముందు శుభ్రం చేయడం మానాలి. తీగ బ్రష్షు చెక్క మీది గీతను ఒక్క రుద్దుతో తీసేస్తుంది. ఇత్తడికి పాలిష్ పెడితే చిలుముతో పాటు సన్నటి నిమిషం గీతలూ పోతాయి. గుంటలోని తుప్పు పొడిని గీకేస్తే పాత మేకు ఉందన్న సాక్ష్యమూ పోతుంది.

3. పీఠాన్నీ, పైముక్కనూ విడివిడిగా వేలం వేయకూడదు. మొక్కజొన్న కండెలు చెక్కిన రాతి శీర్షం కనిపిస్తే అది ఆగి చూడాల్సిన సంగతి. ముక్కలు ఇప్పటికే విడిపోయి ఉంటే ఏది ఎవరు కొన్నారో అమ్మినవారి దగ్గర నమోదై ఉండాలి.

4. కాగితపు ఆధారం లేకుండా ఏ రచయిత పేరూ, ఏ అధ్యక్షుడి పేరూ వస్తువుకు అంటించవద్దు. 'మా ఇంట్లో అనుకునేవారు' అన్నది ఆధారం కాదు. కానీ ఆ మాట ఎవరు, ఏ ఏడు చెప్పారో రాసి ఉంచండి. వెతకడానికి అదీ ఒక దారి. మా కొలతలన్నీ సరిపోయినా అది జెఫర్సన్‌దేనని రుజువైనట్టు కాదు. కొలతలు కానిదాన్ని తోసేస్తాయి, మిగిలినదానికి కాగితం కావాలి.

5. కౌంటీ చరిత్ర సంఘాలు 1827 నుంచి 1923 దాకా తమ దగ్గరున్న వేలం ప్రకటనలు, వీలునామాల జాబితాలు, ఇంటి లెక్కల పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. మనుషుల పేర్లున్న పుటలు ముందు పెట్టాలి, గడియారం తర్వాత.

6. తెలుగు కుటుంబాలకు మాది డిమాండు కాదు, విన్నపం. మాంటిసెల్లో దగ్గరి షార్లట్స్‌విల్ ఊరి చుట్టుపక్కలా, పోప్లర్ ఫారెస్ట్ వైపూ పాత ఇల్లు కొన్నవారు కొట్టం, నేలమాళిగ, పూలమడుల అంచులు ఒకసారి చూడండి. పూలకుండీ కింద ఎత్తుకు పెట్టిన చదరపు పలకను తిరగేసి చూడండి. ఏదైనా కనిపిస్తే కదపకముందే నాలుగు వైపులా ఫోటో తీయండి, పక్కన టేపు పెట్టి. తర్వాత మీ కౌంటీ సంఘానికి చూపండి, మార్కెట్టుకు కాదు. పాత పలకను మళ్లీ ఎండలో నిలబెట్టాలనుకుంటే రసమట్టంతో మట్టం చేసి, శంకువును అసలు ఉత్తరానికి తిప్పండి, దిక్సూచి ఉత్తరానికి కాదు. అది లండన్ పలక అయితే ఉత్తరపు అంచు కిందికి వాలేలా 14 డిగ్రీల వాలు దిమ్మ పెట్టండి, సరిగ్గా పనిచేస్తుంది.

వేలందారులు మొదటి నాలుగు అంశాల మీద అవునో కాదో రాతపూర్వకంగా, అందరికీ కనిపించేలా చెప్పాలి. తోటసామాను అమ్మకాలు ఎక్కువయ్యే వసంతకాలంలోపు ఆ జవాబు కావాలి. అప్పటిదాకా కొలత లేని ప్రతి గడియారం దగ్గరా కొనేవారు అడగవలసిన ప్రశ్న ఒకటే: "గుంట నుంచి ధ్రువానికి ఎంత?"

ఇట్లు,
నీడ గడియారాలు కొలిచే, కట్టే కొందరు తెలుగువారు